గొలుసు దేనికి కట్టమంటారు, మంత్రిగారూ?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రిగారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ట్రైలర్లు బాగుచేసే షెడ్డు మాది. బెడ్డు కుంగినవి, అడ్డ ఛానళ్లు మెలిపడినవి, క్యాబిన్ వెనకుండే ముందు గోడ ఒరిగిపోయినవి మా దగ్గరికి వస్తుంటాయి. చూసినవాళ్లు యాక్సిడెంటు బళ్లు అనుకుంటారు. యాక్సిడెంటై వచ్చేవి తక్కువే. మిగతావన్నీ రోడ్డెక్కక ముందే, లోడింగు యార్డులోనే దెబ్బ తిన్నవి. ఆ దెబ్బ బయటపడేసరికి నెలలు గడుస్తాయి కాబట్టి ఎక్కడ తగిలిందో, ఎవరి వల్ల తగిలిందో ఎవరూ అడగరు. ఖర్చు మాత్రం ఓనరు ఖాతాలో పడుతుంది.

2018 జులైలో మీ శాఖ యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 10.2 టన్నులుండేది 11.5 అయింది. రెండు యాక్సిళ్ల జతకు 19 టన్నుల నుంచి 21కి పెరిగింది. 49 టన్నుల దగ్గర ఆగిన బండి 55 దాకా పోవచ్చన్నారు. ఓనర్లు సంతోషించారు, మేమూ సంతోషించాం. మరుసటి ఏడాది మోటారు వాహనాల చట్టం సవరణ వచ్చింది. ఓవర్‌లోడుకు 20 వేల రూపాయలు, పైన ఒక్కో టన్నుకు 2 వేలు, సరుకు పక్కకో వెనక్కో పొడుచుకొస్తే 20 వేలు జరిమానా. బాగుంది. ఎంత బరువో కాటా చెబుతుంది, ఎంత పొడుగో టేపు చెబుతుంది. ఆ బరువు బెడ్డు మీద ఎలా కూర్చుంది, దాన్ని దేనికి కట్టారు అన్నవి మాత్రం కాటాకీ అందవు, టేపుకీ అందవు. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు కూర్చోబెట్టడం సంగతి. మా ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ దొరుకుతుందని మీకు తెలిసే ఉంటుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఆ దిమ్మెలు కృష్ణపట్నం, చెన్నై రేవులకు ట్రైలర్ల మీదే పోతాయి. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మెను తీసుకోండి. ఘనపు మీటరుకు 2.9 టన్నుల లెక్కన 23 టన్నులు దాటుతుంది. కాగితం మీద అది బండి మోయగల బరువే. కానీ కాగితం మీద దిమ్మెకు అడుగు చదునుగా ఉంటుంది. క్వారీలో వైరుతో కోసిన వైపు నున్నగా వస్తుంది గానీ, డ్రిల్లు కొట్టి చీల్చిన వైపు మిట్టపల్లాలుగా ఉంటుంది. ఆ వైపు కిందికొస్తే రాయి నిలబడేది రెండు మూడు మిట్టల మీదే. 23 టన్నులు అరచేయంత చోట్లలో దిగుతాయి. వాటి కింద అడ్డ ఛానల్ ఉంటే అది వంగుతుంది. లేకపోతే రేకు గుంటపడి, దాని అతుకులు చీలతాయి.

దీనికి మందు మా కన్నా క్వారీ మేస్త్రీలకే బాగా తెలుసు. బండి వెడల్పునా అడ్డంగా, కిందున్న రెండు మెయిన్ బీముల్నీ దాటేట్టుగా మందపాటి దుంగలు పరవాలి. రెండు మూడు సరిపోవు, బరువు బీము పొడవునా పంచుకునేట్టు ఎడం ఎడంగా వేయాలి. అప్పుడు రాయి రేకు మీద కూర్చోదు. దుంగ మీద కూర్చుంటుంది, దుంగ మెయిన్ బీముల మీద కూర్చుంటుంది. ఖర్చు కొన్ని చెక్కలు, పది నిమిషాలు. చెక్కలు ఎవరు తేవాలన్న దగ్గరే పేచీ. క్వారీవాళ్లు ‘బండివాడు తెచ్చుకోవాలి’ అంటారు, బండివాడు ‘కిరాయిలో అది లేదు’ అంటాడు. చివరికి యార్డులో పడున్న పాత టైరు ముక్కలు రెండు తోసి కానిచ్చేస్తారు.

ఇంకొకటి ఉంది, అది కంటికి కనబడదు. క్రేన్ ఆపరేటరు దిమ్మెను బెడ్డుకు తాకించి, తాడు వదులయ్యేదాకా మెల్లగా దించితే బండి మీద పడేది రాయి బరువు మాత్రమే. తాకగానే ఒక్కసారి వదిలేస్తే, ఎత్తు నుంచి పడేయకపోయినా సరే, ఆ క్షణాన బెడ్డు మీద పడే ఒత్తిడి దాదాపు రెండింతలు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు మొదట్లోనే నేర్చుకునే లెక్క ఇది. జానెడు ఎత్తు నుంచి వదిలితే ఇక చెప్పక్కర్లేదు. టన్నుకింత అని కూలి కట్టే చోట క్రేన్ మెల్లగా దిగదు. ఆపరేటర్ని తిట్టి లాభం లేదు, అతనికి డబ్బిచ్చే పద్ధతే అలా ఉంది.

అలాంటి బండి షెడ్డుకొస్తే మేం మొదట చేసేది కడగడం. గ్రీజు, మట్టి పోయాక అడ్డ ఛానల్ మెయిన్ బీముకు అతుకుపడే మూల దగ్గర కిరసనాయిలు పూస్తాం. కాసేపాగి శుభ్రంగా తుడిచేసి, సుద్దపొడి చల్లుతాం. పగులుంటే లోపలికింకిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుక మందాన నల్లటి గీత తేలుతుంది. బయట రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది, గీత మాత్రం మూల నుంచి బీములోకి పాకుతూ ఉంటుంది. ఒక్కోసారి నాలుగు మూలల్లో మూడింటికి. ఓనరు పక్కన నిలబడి ‘మొన్ననే కదా ఫిట్‌నెస్ అయింది’ అంటాడు. అయింది, నిజమే. ఈ పరీక్ష అక్కడ ఎవరూ చేయలేదు.

ఇక కట్టడం. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

మా దగ్గరికొచ్చే ట్రైలర్లలో చాలావాటికి బెడ్డు మీద గొలుసు తగిలించడానికి రింగులుండవు. నిబంధనల పుస్తకంలో ఏం రాసుందన్నది నా వాదన కాదు. బండి దగ్గర నిలబడిన డ్రైవరు చేతికి రింగు దొరకాలి, దొరకడం లేదు. అతను ఏం చేస్తాడు? పట్టా తాడు ముడేసుకోవడానికి సైడు ఛానల్ కింద సన్న చువ్వతో చేసిన కొక్కేలు ఉంటాయి, గొలుసును వాటికి తగిలిస్తాడు. అవి ఊడితే సైడు ఛానల్ కిందుగా గొలుసు తిప్పి, పెదవికి హుక్కు వేస్తాడు. సైడు ఛానల్ అనేది బెడ్డు అంచు. అది సరుకును మోయడానికీ కాదు, లాగడానికీ కాదు. గొలుసు బిగించిన చోటల్లా అది పైకి లేస్తుంది, లోపలికి తిరుగుతుంది. దానితో పాటు అడ్డ ఛానల్ కొస దగ్గర వెల్డింగు చిట్లుతుంది. అక్కడ రంగు లేచిపోతుంది, వాన తగులుతుంది, రెండు వానాకాలాలు పోయేసరికి ఇనుము పెచ్చులూడుతుంది.

అంత గట్టిగా ఎందుకు బిగిస్తాడంటారా? దానికీ కారణముంది. బిల్డింగు చువ్వల కట్టలు, రేకులు లాంటి సరుకు ఎత్తు తక్కువ. వాటి మీదుగా వేసిన గొలుసు దాదాపు పడుకుని ఉంటుంది. బెడ్డుకు 30 డిగ్రీల వాలులో ఉన్న గొలుసు లాగుడులో సగమే సరుకును కిందికి నొక్కుతుంది. అంచుల్ని లోపలికి లాగే బలం అంతకన్నా ఎక్కువ. గొలుసు వదులుగా ఉందని డ్రైవరు దాన్ని బిగించే లీవరుకు నాలుగడుగుల పైపు తొడిగి, మీదెక్కి తొక్కుతాడు. సరుకు కదలకుండా ఉండటం అనుమానమే. బండి వంగడం మాత్రం ఖాయం.

పైగా 12 మీటర్ల చువ్వల కట్టలో గొలుసు నొక్కేది పైవరుసల్నే. మధ్యలో ఉన్నవాటిని పట్టి ఉంచేది కట్టకు చుట్టిన బద్దీలే. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మధ్య చువ్వలు ముందుకు జారి, ముందు గోడ రేకును పొడుచుకుని క్యాబిన్ వైపు వస్తాయి. మా షెడ్డులో అలాంటి గోడలకు అతుకులు వేశాం. అతుకు వేసేటప్పుడు ఆ రంధ్రం డ్రైవరు సీటుకు ఎంత దూరంలో ఉందో కొలవకూడదనుకుంటాం, కళ్లు మాత్రం కొలిచేస్తాయి.

లెక్క ఒకసారి చూడండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోస్తుందని అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా నిబంధనలన్నీ ఒకే మాటగా చెబుతాయి. పక్కలకు సగం బరువు. 20 టన్నుల ఉక్కు కాయిల్ అనుకుందాం, ముందుకు 16 టన్నుల తోపు. ఇనుప రేకు మీద ఇనుము నేరుగా కూర్చుంటే, కాస్త నూనె కూడా ఉంటే, రాపిడి వల్ల నిలిచేది బరువులో ఐదో వంతు, అంటే నాలుగు టన్నులు. మిగిలిన 12 టన్నుల్ని గొలుసులో, ముందు గోడో ఆపాలి. అదే కాయిల్ కింద మంచి రబ్బరు మ్యాట్ వేస్తే రాపిడి బరువులో పదింట ఆరు వంతులకు పెరుగుతుంది. 12 టన్నులు రబ్బరే ఆపేస్తుంది, గొలుసులకు మిగిలేది నాలుగు. గొలుసు మందం పెంచక్కర్లేదు, పైపు తొడిగి తొక్కక్కర్లేదు, సైడు ఛానల్ వంగక్కర్లేదు. ఒక్క రబ్బరు ముక్కతో ఇంత తేడా వస్తుంటే, దాన్ని వాడని యార్డును ఏమనాలో నాకు తెలియదు. రబ్బరు మాత్రం కాయిల్‌ను దొర్లకుండా ఆపలేదు. అందుకు రెండు పక్కలా ఏటవాలు చెక్కల తొట్టి ఉండాల్సిందే.

మీ శాఖ చొరవతోనే బండ్లకు ఏబీఎస్ వచ్చింది, బ్రేకులు మెరుగయ్యాయి. బండి ఇదివరకటి కన్నా గట్టిగా ఆగుతోంది. అంటే సరుకు ఇదివరకటి కన్నా గట్టిగా తోస్తోంది. ఆపే శక్తి పెరిగింది, కట్టే చోటు మాత్రం పాతదే.

యార్డులో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. చాలా ఫ్యాక్టరీల్లో లోడింగు జరిగేటప్పుడు డ్రైవరు బండి దగ్గర ఉండకూడదు. భద్రత కోసం పెట్టిన రూలే, తప్పు పట్టను. బండి లోపల నిలిపి, తాళమిచ్చి, రెస్టు షెడ్డులో కూర్చోవాలి. పిలిచేసరికి సరుకు ఎక్కేసి ఉంటుంది. ఒక డ్రైవరు మాకు చెప్పిన సంగతి. కాయిల్ కింద దుంగలు లేవని చూసి సూపర్‌వైజరు దగ్గరికి పోయి, ‘సార్, కింద ఏమీ వేయలేదు, మళ్లీ ఎత్తించండి’ అన్నాడట. ‘వెనక పదిహేను బళ్లున్నాయి. కాటా చీటీ తీసుకుని గేటు దాటు’ అన్నాడట ఆయన. ఎద్దు పుండు కాకికి నొప్పా! బండి కిస్తీ కట్టేది ఆయన కాదు. పాపం ఆయన చేతిలో కూడా ఏమీ లేదు. ఈ షిఫ్టులో ఇన్ని టన్నులు గేటు దాటించాలన్న లెక్క ఆయన మెడ మీద ఉంది. ఎల్ఆర్ (లారీ రసీదు) మీద సంతకం డ్రైవరుది, దారిలో సరుకు జారితే కేసూ డ్రైవరు మీదే.

చట్టం ఇక్కడ ఎవరి పక్షాన ఉంది? సరుకు చెడిపోతే ట్రాన్స్‌పోర్టు వాడి బాధ్యత ఎంతో చెప్పడానికి 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఉంది. అదే చట్టం కింద సరుకు పంపేవాడు ఫార్వర్డింగ్ నోటు రాసివ్వాలి. అందులో రాసింది తప్పైనా, అసంపూర్తిగా ఉన్నా, దానివల్ల రవాణాదారుకు వచ్చే నష్టాన్ని సరుకుదారే భరించాలి. మంచి మాట. కానీ ‘కింద ఏం వేశారు, ఎన్ని గొలుసులు కట్టారు, ఎవరు కట్టారు’ అనే గడులు మేం చూసే నోట్లలో ఉండవు. గడి లేని చోట తప్పు రాశాడని ఎవరిని పట్టుకుంటాం? ఇన్సూరెన్సుకు పోదామంటే అక్కడా తలుపు వేసే ఉంది. మన దేశంలో లారీలకు ఇచ్చే ప్యాకేజీ పాలసీలోనే, అధిక లోడు వల్లా, బండి మీద పడే శ్రమ వల్లా కలిగే నష్టానికి చెల్లింపు లేదని రాసి ఉంటుంది. అడ్డ ఛానల్ వంగిందంటే సర్వేయరు ఫొటో తీసుకుని ఆ వాక్యం చూపించి పోతాడు.

ఆస్ట్రేలియాలో ఇదే సమస్యను ఇంకోలా పట్టుకున్నారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అమలయ్యే భారీ వాహనాల చట్టం ప్రకారం బాధ్యత ఒక గొలుసు. సరుకు పంపినవాడు, ప్యాక్ చేసినవాడు, లోడు చేసినవాడు, లోడింగును నడిపించినవాడు, బండి టైము నిర్ణయించినవాడు, అందరూ అందులో కడియాలే. 2018 అక్టోబరు నుంచి దాన్ని ఇంకా బిగించారు. ప్రమాదం జరిగేదాకా ఆగరు, ముందుగా తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. అదే ఏడాది డ్రైవర్లకూ లోడర్లకూ అర్థమయ్యేట్టు బొమ్మలతో, ఏ గొలుసు ఎన్ని టన్నులు ఆపుతుందో పట్టికలతో గైడు వేశారు. యూరప్‌లో మొత్తం బరువు 12 టన్నులు దాటే బండి బెడ్డు మీద ఒక్కో రింగు రెండు టన్నుల లాగుడు తట్టుకోవాలి. రింగుకూ రింగుకూ మధ్య ఎడం ఇంతకు మించకూడదని కూడా కొలత ఉంది. అమెరికాలో డ్రైవరు బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపే ఆగి కట్లు చూసుకోవాలి. సరుకు సర్దుకుని గొలుసు వదులయ్యేది ఆ మొదటి దూరంలోనే గనక. మన డ్రైవర్లలో పెద్దవాళ్లు ఏ చట్టమూ చదవకుండానే మొదటి టీ కొట్టు దగ్గర ఆగి గొలుసు తట్టి చూస్తారు. కుర్రవాళ్లకు ఆ అలవాటు పోతోంది.

అన్ని తప్పులూ యార్డుల మీదికి నెట్టేసి మావాళ్లు మంచివాళ్లని చెప్పను. బండి సొంత బరువు తగ్గితే ఆ మేరకు సరుకు ఎక్కుతుందని ఓనర్లే అడ్డ ఛానళ్లు పలచన చేయమంటారు, రెండింటి మధ్య ఎడం పెంచమంటారు. ఆటోనగర్లలో కొన్ని షెడ్లు అడిగినవాడికి అడిగిన చోట రింగు వెల్డింగు చేసి పంపిస్తాయి. ఇది రింగు లేకపోవడం కన్నా ప్రమాదం. ఇప్పటి ట్రైలర్ల మెయిన్ బీములు హైటెన్సైల్ ఉక్కు. వాటి కింది అంచు మీద వేడి తగిలించి రింగు అతికిస్తే అక్కడే పగులుకు బీజం పడుతుంది, ఏడాది రెండేళ్లలో బీము నడుం విరుగుతుంది. రింగు పెట్టాల్సింది అడ్డ ఛానల్ కొసల దగ్గర, లోపల పలక వేసి, బోల్టులతో. ఇంత పని గీతలు గీసి, లాగి పరీక్షించి చేయాల్సిందే గానీ వాడవాడలా మాలాంటివాళ్ల ఇష్టానికి వదిలేది కాదు.

అందుకే అడుగుతున్నాను. కొత్త ట్రైలర్లకు అనుమతి ఇచ్చేటప్పుడే బెడ్డు మీద ఎన్ని రింగులు, ఎంతెంత దూరంలో, ఒక్కోటి ఎన్ని టన్నులు తట్టుకోవాలో కొలిచి చూడండి. ఆ అంకె రింగు పక్కనే పలక మీద చెక్కించండి. యార్డులో క్రేన్ ఆపరేటరు నుంచి హమాలీ దాకా అది చదవగలగాలి. పాత బళ్లకు ఒక్కసారిగా పెట్టమంటే ఓనర్లు మునిగిపోతారు. ఎనిమిదేళ్లలోపు బండి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వస్తూనే ఉంది కదా, ఆ వాయిదాల్లో దశలవారీగా పెట్టించవచ్చు. అదే రోజు అడ్డ ఛానళ్ల మూలలు కడిగి చూడమనండి. కిరసనాయిలు, సుద్దపొడి ఖరీదైనవి కావు.

ఫార్వర్డింగ్ నోటులో నాలుగు గడులు చేర్చండి. సరుకు కింద ఏం పరిచారు, గొలుసులో బెల్టులో ఎన్ని, వాటిని దేనికి తగిలించారు, లోడింగు చేయించిన మనిషి పేరు, సంతకం. డ్రైవరు అభ్యంతరం రాసుకోవడానికి ఇంకో గడి ఉంటే మరీ మంచిది. గేటు దగ్గర పదిహేను బళ్లు ఆగి ఉన్నా, సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు సూపర్‌వైజరు ఒకసారి వెనక్కి తిరిగి బెడ్డు వంక చూస్తాడు. ఇవాళ ఆయన చూడక్కర్లేదు.

ఇవన్నీ చట్ట సవరణలు, కమిటీలు, గెజిట్లు అంటూ ఏళ్లు పట్టవచ్చునని నాకూ తెలుసు. అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటి మీ చేతిలోనే ఉంది. జాతీయ రహదారుల పనులకు చువ్వలు, గర్డర్లు, క్రాష్ బ్యారియర్ల ఉక్కు, సిమెంటు దిమ్మెలు అన్నీ ట్రైలర్ల మీదే వస్తాయి. ఆ కాంట్రాక్టులు మీ శాఖ కిందివే. వాటి షరతుల్లో ఒక పేరా చేర్చండి. సైటుకొచ్చే ఏ బండైనా దుంగలు లేకుండా, రబ్బరు లేకుండా, రింగులకు కాక సైడు ఛానల్‌కు గొలుసు తగిలించుకుని వస్తే కాంట్రాక్టరు దించుకోకూడదని, ఆ బండి ఆగిన రోజులకు వెయిటింగు ఛార్జీ సరుకు పంపిన ఫ్యాక్టరీ కట్టాలని. ఫ్యాక్టరీకి వెయిటింగు బిల్లు ఒక్కటి వెళ్తే మరుసటి లోడుకు దుంగలు వాటంతటవే దొరుకుతాయి. దీనికి పార్లమెంటు అక్కర్లేదు. టెండరు కాగితంలో ఒక పేరా చాలు.

ఇట్లు,
ఒక ట్రైలర్ షెడ్డు మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ.